బొజ్జ కిటికీకి తెల్లగుడ్డ

గేటు దగ్గర బస్సు దిగినప్పుడు వెంకటప్పయ్యది ఉత్త ఏడుపు. ఇంటి మెట్ల దాకా వచ్చేసరికి దానికి రాగం కుదిరింది. చంకలో కాగితం పొట్లం. పొట్లం మూల చిరిగి లోపల్నుంచి తెల్లచీర అంచు తొంగిచూస్తోంది. దారిలో ఎదురైనవాళ్ళు అతని మొహాన్నీ, ఆ అంచునూ కలిపి చదువుకున్నారు. చదివినవాళ్ళు ఊరుకోరు కదా, పక్కవాళ్ళకు చదివి వినిపించారు. అతను మెట్లెక్కేలోపలే కబురు రేవు దిగి గోదావరి దాకా పోయింది.

"బావ సంగతి తెలిసిందట కదా అత్తయ్యగారూ," అంటూ చెల్లెలి అత్తగారు రాఘవమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నా చెల్లెలి నుదురు బోసిపోయిందా?"

వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న రాఘవమ్మ చెయ్యి ఆగింది. గింజ ఒకటి దొర్లుకుంటూ పోయి మెట్టు మీద నిలబడింది.

ఆ ఏడుపుకు సుబ్బరత్నం లోపల్నుంచి వచ్చింది. చేతిలో కొలత టేపు, నుదుటి మీద పావలా కాసంత బొట్టు. అన్న రాగం ఆ బొట్టు దగ్గర బ్రేకు పడ్డట్టు ఆగిపోయింది.

"బొట్టుందే," అన్నాడు వెంకటప్పయ్య.

"తీసెయ్యమని నాకెవరు చెప్పారు?"

"నువ్వే కదే ఫోన్లో చెప్పింది. బేవా అన్నావు, విడో అన్నావు, తెల్లగుడ్డ పట్టుకు రమ్మన్నావు. పుట్టింటివాణ్ణి, ఆ చీర నేను తేక ఎవరు తెస్తారు?"

సుబ్బరత్నం గుమ్మానికి ఆనుకుంది. మొన్న పోస్టాఫీసు బల్ల మీద గంటన్నర కూర్చుని, సత్తుపల్లిలో అన్నగారి బట్టల కొట్టుకు ట్రంకు కాలు కలిపించుకుని, గరగరల మధ్య గొంతు చించుకుని ఆమె అడిగింది ఒక్కటే. బే విండోకు తెల్లగుడ్డ పన్నెండు గజాలు పట్టుకురమ్మని. ఆ గరగరలో 'బే' పక్కన ఒక 'వా' మొలిచింది. 'విండో'లోంచి ఒక సున్నా రాలిపోయింది. ఉర్దూలో బేవా, ఇంగ్లీషులో విడో, రెండిటికీ అర్థం విధవే. రెండు రాజభాషలూ ఏకమై ఒక తెలుగు ఆడకూతురి నుదుటి మీద పడ్డాయి. విండోకూ విడోకూ తేడా ఎంత? ఒక్క సున్నా. ఆ సున్నాని కనుబొమల మధ్య ఎర్రగా పెట్టుకుని రెండేళ్ళుగా తిరుగుతోంది సుబ్బరత్నం, ఉన్నాడో లేడో తెలియని మనిషి పేరు మీద.

కిటికీ సంగతి చెప్పింది. వెంకటప్పయ్య మొహం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. పైపంచెతో కళ్ళు తుడుచుకుంటూ, "కబురు తప్పు కావచ్చు చెల్లీ," అన్నాడు మెల్లగా, "ఏడుపు మాత్రం తప్పు కాదు. రెండేళ్ళదీ దాచుకున్నాను."

అతను పొట్లం పట్టుకుని లోపలికి నడవబోతే రాఘవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అలాంటి చీర ముత్తయిదువ ఉన్న ఇంట గడప దాటకూడదంది. తెచ్చిన చేత్తో తిరిగి పట్టుకుపోవడం అంతకంటే చెడ్డదంది. లోపలికీ పోలేక, బయటికీ పోలేక ఆ పొట్లం వరండా బల్ల మీద కూర్చుంది, పిలవకుండా వచ్చిన చుట్టంలా.

అప్పుడు అడిగింది రాఘవమ్మ, పొద్దుటి నుంచీ నాలుక చివర పెట్టుకున్న మాట.

"కిటికీకి గుడ్డ ఎందుకు?"

*

దొరల కాలంలో ఆనకట్ట చూసుకునే ఇంజనీరెవరో కట్టించుకున్న బంగళా అది. దుమ్ముగూడెం రేవుకు ఎదురుగా, గోడ పొట్ట ముందుకు తోసినట్టు మూడు పలకల కిటికీ. బంగళా కొన్న రోజున రాఘవమ్మ కొడుకు వెంకటరామారావు దాన్ని పెళ్ళాం సుబ్బరత్నానికి బే విండో అని చూపించి మురిసిపోయాడు. ఊరు దాన్ని బొజ్జ కిటికీ అంది. ఊరి పేరే నిలిచింది. పేరు పెట్టినవాడే నిలవలేదు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు, లంకలో ఉన్న పొగాకు బేళ్ళు గట్టుకు చేర్చాలని అతను పడవవాడు జంపయ్య పడవెక్కాడు. తొందరలో వానకోటు మరిచాడు. పడవ తిరగబడింది. జంపయ్య ఒక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. తన పటేలు వెంకటరామారావు మునగలేదనీ, ఎగువ నుంచి వచ్చిన ఇంకో పెద్ద పడవ ఎక్కడం తను కళ్ళారా చూశాననీ చెప్పాడు. ఆ పడవ ఎక్కడ ఒడ్డు చేరిందో, అసలు చేరిందో లేదో, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా అడిగినా ఎవరికీ తెలియలేదు.

ఆ ఒక్క మాట మీద రాఘవమ్మ రెండేళ్ళు కూర్చుంది. రోజూ మునిమాపున లాంతరు వెలిగించి బొజ్జ కిటికీ నడిమి పలకలో పెడుతుంది. కొడుకు మరిచిపోయిన వానకోటును దులిపి, దొరల నాటి కొయ్య స్టాండుకు తగిలించి, పైన టోపీ పెడుతుంది. తడిసి వస్తాడు కదా అంటుంది.

చీకటి పడితే ఆ గదిలో మూడు అద్దాల్లో ముగ్గురు సుబ్బరత్నాలు. ముగ్గురి వెనకా మూడు కోట్లు. ఇంట్లో మూడు కోట్లున్న మనిషికి కంటి మీద కునుకు రాదంటారు. ఆమెకూ రాలేదు.

"పడవ దిగిన ప్రతివాడూ ఇటే చూస్తాడు అత్తయ్యా," అంది సుబ్బరత్నం ఇప్పుడు. "వచ్చాడా లేదా అని కిటికీలో చూస్తాడు. కనపడకపోతే నా మొహంలో చూస్తాడు. కాసేపు నన్నెవరూ చూడకుండా నేను కూర్చోవాలి."

"చూడనీ," అంది రాఘవమ్మ. "ఆ చూసేవాళ్ళలో ఏదో ఒక రోజు వాడుంటాడు."

మళ్ళీ చింతగింజలు తీసి డబ్బాలో వెయ్యసాగింది. టక్కు. కాసేపాగి టక్కు.

ఈ అత్తాకోడళ్ళ మధ్య చిక్కుకున్నవాడు పరదాలు కుట్టే బిక్షపతి. నోట్లో నాలుగు గుండుసూదులు ఉండబట్టి అంతసేపూ మాట్లాడకుండా బతికిపోయాడు. కొత్తగూడెం గనిలో ముప్ఫై ఏళ్ళు పని చేసి దిగినవాడు. సొరంగాల్లో గాలి తప్పుదారి పట్టకుండా అడ్డంగా తారుగుడ్డలు కుట్టి కట్టడం అతని పని. రిటైరయ్యాక కిటికీల మీద పడ్డాడు. సూదులు తీసి చొక్కాకు గుచ్చుకుని, పెద్దమ్మ మనసు నొచ్చకుండా ఎట్లా మొదలుపెట్టాలా అని కాసేపు మెడ గోక్కున్నాడు.

"గనిల తెర గాలిని మలుపుతది పెద్దమ్మా. ఇంట్ల తెర సూపును మలుపుతది. మూసుడు కాదు గది, మలుపుడే."

తెచ్చిన నమూనాలు చాప మీద పరిచాడు. కుంకుమరంగు మందపు గుడ్డ ఒకటి, గళ్ళ చేనేత ఒకటి, పల్చటి మల్లు ఒకటి. రంగును పగలు చూసి మోసపోవద్దన్నాడు. గుడ్డను కంటితో కాదు, దీపంతో చూడాలట. లాంతరు వెలిగించి ఒక్కో గుడ్డా అడ్డం పెట్టి, వెనక తన చెయ్యి ఆడించాడు. కుంకుమ గుడ్డ వెనక చెయ్యే లేదు. గళ్ళ గుడ్డ వెనక చెయ్యి ఉందన్న అనుమానం ఉంది. మల్లు వెనక అయిదు వేళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు. ఒక్క వేలు సగమే, గని మింగిన వేలు.

వెంకటప్పయ్యలో కొట్టువాడు మేలుకున్నాడు. తడికళ్ళతోనే గుడ్డ అంచు నలిపి చూసి, కుంకుమరంగు అయితే గది చీకటి గుయ్యారమైపోతుందనీ, గళ్ళయితే ఇంటికి కళ వస్తుందనీ తీర్పు చెప్పాడు. మామూలు పరదాలా కుచ్చులు పెట్టి వదిలేద్దామన్నాడు. బిక్షపతి ఒప్పుకోలేదు. మూడు పలకలకూ కలిపి ఒకే పరదా వేస్తే బొజ్జకు పంచె చుట్టినట్టుంటుందట. పలకకొకటి విడిగా కుట్టాలి. జానకొక వెదురుబద్ద దూర్చి, వెనక రింగులు కుట్టి, తాడు లాగితే విసనకర్ర మడిచినట్టు మడతమీద మడత పైకి పోవాలి. పక్క పలకలు ఏటవాలుగా ఉంటాయి గనక మూలల దగ్గర సందు రాకుండా ముందు చవక తెల్లగుడ్డతో ఒకటి కుట్టి, కట్టి, రాత్రి దీపంలో చూసి, ఆ తర్వాతే కత్తెర మంచి గుడ్డ మీదికి వెళ్ళాలి. సుబ్బరత్నం ఫోన్లో తెల్లగుడ్డ అడిగింది అందుకే.

"పక్కవాటికి ఏం కుట్టుకుంటారో కుట్టుకోండి," అంది రాఘవమ్మ. "నడిమి పలకకు మాత్రం వద్దు."

నడిమిది వదిలేస్తే ముందుపన్ను ఊడినట్టుంటదని బిక్షపతి గొణిగాడు. పెద్దమ్మకు ముందుపళ్ళు రెండు లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

చివరికి సుబ్బరత్నమే బతిమాలింది. ఒక్క పూట, ఆ తెల్లగుడ్డ రాలేదు గనక పాత దుప్పటితో, ఉత్త కొలతకు. రేపు పొద్దున తీసేస్తానంది. రాఘవమ్మ చింతగింజల డబ్బా మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

*

పొద్దు కుంగేసరికి దుప్పటి తెర మూడు పలకల్లోనూ దిగింది. కరెంటు అలవాటు ప్రకారం పోయింది. రాఘవమ్మ కూడా అలవాటు ప్రకారం కోటు దులిపి స్టాండుకు తగిలించి, టోపీ పెట్టి, లాంతరు వెలిగించి కిటికీ దగ్గరికి వచ్చింది. పెట్టే చోటు లేదు. తెర అడ్డం.

"సెగకు గుడ్డ అంటుకుంటుంది అత్తయ్యా," అంటూ సుబ్బరత్నం ఆమె చేతిలోంచి లాంతరు అందుకుంది. రెండేళ్ళలో ఆ లాంతరు చేతులు మారడం అదే మొదలు. గది వెనక్కి తీసుకుపోయి, స్టాండుకు అవతలగా ఉన్న ఎత్తుపీట మీద పెట్టింది.

రాఘవమ్మ ఖాళీ చేతులు చూసుకుంది. వరండాలోకి వెళ్ళి, తెల్లచీర పొట్లం పక్కన బల్ల మీద కూర్చుంది.

గోదావరి మీద తెడ్ల చప్పుడు ఇవతలి ఒడ్డుకు వస్తోంది. సంత నుంచి తిరిగొస్తున్నవాళ్ళ మాటలు గాలికి తునకలు తునకలుగా వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి మాటలు ఆగాయి. తర్వాత తెడ్లు ఆగాయి. అన్నీ ఆగాక నీళ్ళలో ఎవరో దూకిన చప్పుడు.

మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నడుం దాకా తడి. రెండేళ్ళుగా ఆ ఇంటి మెట్టు తొక్కని జంపయ్య. వెనక పడవలోని జనం, రేవులోని జనం, పొద్దున ఏడుపు విని సాయంత్రానికి పలకరించడానికి బయల్దేరిన జనం.

జంపయ్య మెట్ల దగ్గర ఆగిపోయాడు. చెయ్యెత్తి చూపించాడు.

సుబ్బరత్నం వాకిట్లోకి దిగి వెనక్కి తిరిగి చూసింది.

బొజ్జ కిటికీలో మనిషి నిలబడి ఉన్నాడు. టోపీ పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, రేవు వైపు చూస్తున్నట్టు. గాలికి తెర ఊగితే భుజాలు ఊపిరి తీసుకున్నట్టు లేచి పడుతున్నాయి.

లాంతరు అక్కడ పెట్టింది తనే. కోటు వెనక పెట్టింది తనే. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆమె చెయ్యి చెదిరిన జుట్టు సర్దుకుంది, పైట సరిచేసుకుంది. కాలు ఒక అడుగు ఇంటివైపు వేసింది. తెలివి వచ్చేలోపల మనిషి ఎంత దూరం పోతాడో ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక అడుగు దూరం.

"మధ్యాన్నం శవం దొరికిందన్నరు," అంటున్నాడు జంపయ్య ఎవరితోనో కాదు, ఆ నీడతో. "తెల్లచీర గూడ వచ్చిందన్నరు. నువ్వు ఈడ నిలబడ్డవ్. నా కోసమే నిలబడ్డవ్ పటేలా." నేల మీద బోర్లా పడ్డాడు. "నేను జెప్పింది అబద్ధం. ఇంకో పడవ లేదు. నీ చెయ్యి నా చేతిలనే ఉండె. ఇద్దరం పోతమని నేనే ఇడిసిపెట్టిన. నా కండ్ల ముంగటే పోయినవ్."

వెంకటప్పయ్య చెల్లెలి మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నది ఆమెను నిలబెట్టడానికో, తను నిలబడడానికో అతనికే తెలియదు.

సుబ్బరత్నం వరండా వైపు చూసింది. బల్ల మీద పొట్లం ఉంది. అత్త లేదు.

కిటికీలో రెండో నీడ వచ్చింది. చిన్నది, గూనిది. అది మొదటి నీడ దగ్గరికి మెల్లగా నడిచింది. జనంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. చిన్న నీడ చెయ్యి చాచింది. పెద్ద నీడ తల ఊడివచ్చింది. తర్వాత భుజాలు జారిపోయాయి. ఆ తర్వాత అక్కడ నిలబడ్డది ఒక కర్ర.

తాడు లాగిన చప్పుడు. నడిమి తెర మడతమీద మడతగా పైకి లేచింది. లాంతరు వెలుగులో రాఘవమ్మ, ఒక చేతిలో టోపీ, మోచేతి మీద కోటు.

"చూశారు కదా," అంది వాకిట్లోని అందరితో. గొంతు చింతపండు ఎంతుందో చెప్పినంత మామూలుగా ఉంది. "వాడు కాదు. వాడి కోటు. దీపం ముందుండేది ఇవాళ వెనక్కి పోయింది. తెర ఇవాళే కట్టారు. అంతే."

జంపయ్య తల ఎత్తలేదు.

"లేరా జంపయ్యా. ఈ మెట్లెక్కడం నువ్వు మానేసిన రోజే నాకు తెలిసింది. మీ ఇంటి మీదుగా పోతుంటే నువ్వు తలుపు చాటుకు పోయినప్పుడల్లా మళ్ళీ తెలిసింది. నువ్వు చెప్పిన అబద్ధం నీకు బరువైంది, నాకు ఊతకర్రయింది. రెండేళ్ళు నడిచాను దాని మీద."

ఇక ఆమె ఏడుస్తుందని అందరూ చూశారు. ఏడవలేదు. కోటు మడత పెట్టడం మొదలుపెట్టింది, చేతులు వెనక్కి విరిచి, కాలరు సరిచేసి, రేపు పెట్టెలో పెట్టేవాళ్ళు మడిచినట్టు.

జనం చూపులు ఒక్కొక్కటిగా కిటికీ వదిలి బల్ల మీది పొట్లం మీద వాలాయి. అక్కణ్ణుంచి లేచి సుబ్బరత్నం నుదుటి మీద వాలాయి. పొద్దున తప్పయిన మాట మునిమాపుకు ఒప్పయింది. పుట్టింటి చీర ముందే వచ్చి కూర్చుంది. ఇక కావలసింది బొట్టు తీసే నలుగురు పెద్ద ముత్తయిదువలు. వాళ్ళు జనంలో ఉండనే ఉన్నారు. ఒకావిడ కొంగు నడుముకు దోపుకుంది. పసుపు కుంకాలు ఎక్కడున్నాయని ఇంకొకావిడ మెల్లగా అడిగింది.

సుబ్బరత్నం చెయ్యి దానంతటదే నుదుటి దగ్గరికి లేచింది.

"ఆగండి." రాఘవమ్మ వరండాలోకి వచ్చింది. పొట్లం చేతిలోకి తీసుకుంది. దారం తెంపింది. చీర తీసి ఒక్క విదిలింపుతో విప్పితే తెల్లదనం వరండా అంతా పరుచుకుంది. ఏ చీరయితే గడప దాటకూడదని తనే అన్నదో దాన్ని భుజాన వేసుకుని గడప మీద నిలబడింది.

"పొద్దున వెంకటప్పయ్య ఎందుకేడ్చాడో మీరు విన్నారు. ఎందుకొచ్చాడో వినలేదు. ఇప్పుడు వినండి. ఫోన్లో మాట తప్పు వినపడింది. అతనికి బేవా అని వినపడింది. మా పిల్ల చెప్పింది మా అబ్బాయి పెట్టిన ఆ ఇంగ్లీషు పేరు. బే విండో. ఆ కిటికీ. ఈ గుడ్డ వచ్చింది కిటికీకి. మనిషికి కాదు. మళ్ళీ ఎవరూ తప్పు వినకండి."

బిక్షపతి చేతిలో చీర పెట్టింది. "నడిమి పలకకు కుట్టు. పల్చన అయినా సరే."

బిక్షపతి చీరను లాంతరు వైపు పట్టి, వెనక తన చెయ్యి పెట్టి చూశాడు. నాలుగున్నర వేళ్ళూ కనపడ్డాయి.

"దీపం ముంగట పెడ్తరా పెద్దమ్మా, ఎనకాల పెడ్తరా?" అని అడిగాడు. "దాన్నిబట్టి కుట్టాలె."

రాఘవమ్మ కోడలి వైపు తిరిగింది, నువ్వు చెప్పు అన్నట్టు.

అందరికీ అంతా అర్థమైంది. చీర ఎందుకొచ్చిందో, నీడ ఎవరిదో, పడవ ఏమైందో. కొంగు దోపుకున్న ఆవిడ కొంగు వదులు చేసుకుంది. సుబ్బరత్నం చెయ్యి మాత్రం బొట్టు తుడవక, కిందికి దిగక, ఇంకా నుదుటి దగ్గరే ఉంది.